ముగ్గురు ఎదురొచ్చిన సోమవారం

మద్దిలేటప్ప జీపు వచ్చి వాకిట్లో ఆగేసరికి నాగలక్ష్మమ్మ మూలగదిలో చాపమీద కూర్చుని ఉంది. భర్త పోయి పక్షం దాటింది. పదోనాడు గాజులు తీయించారు, బొట్టు చెరిపారు. ఆ తర్వాత ఆమెకు ఆ గదే లోకమైంది.

జీపు చప్పుడు ఆమెకు కొత్తదేం కాదు. కర్నూలు రాజధాని అయ్యాక ఊరినిండా జీపులే. గుడారాల్లో కచేరీలు పెట్టి ఆఫీసర్లు పగలంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. కానీ ఈ జీపు ఆగగానే పక్కింట్లో రోకటిపోటు టక్కున ఆగిపోయింది. ఎదురింటావిడ పిల్లల్ని లోపలికి పిలుచుకుని తలుపు వేసుకుంది. 

"వకీలు చిదంబరయ్య సారు ఇల్లు ఇదేనా?" అని వాకిట్లోంచి ఒక గొంతు అడిగింది.

ఊళ్లో ఆ ఇల్లు తెలియనివాడు లేడు. చిదంబరయ్య జిల్లాకు పబ్లిక్ ప్రాసిక్యూటరు. ఖూనీ కేసుల్లో సర్కారు తరఫున నిలబడి వాదించేవాడు. అంతకుముందు మునిసిపల్ ఛైర్మనుగా ఉండి మాలపేటకూ దూదేకులవాళ్ల వీధికీ కొళాయిలు వేయించాడు. ఆ గొట్టాలకు గుంతలు తవ్వనిచ్చేది లేదని పెద్దవీధివాళ్లు కర్రలతో వస్తే, గుంత పక్కన కుర్చీ వేయించుకుని పని అయ్యేదాకా లేవలేదు. కోర్టు వరండాలో గుండె ఆగి పడిపోయిన రోజున బజారంతా మూసేశారు. తుంగభద్ర ఒడ్డు జనంతో నిండిపోయింది.

రామసుబ్బమ్మ వెళ్లి వచ్చినవాణ్ణి వరండాలో కూర్చోమంది. ఆమె చిదంబరయ్యకు అక్క. పన్నెండేళ్ల వయసులో విధవై, తల గొరిగించుకుని, పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమే.

నాగలక్ష్మమ్మ తలుపు వెనక్కి వచ్చి నిలబడింది. రెక్కల సందులోంచి కిర్రుచెప్పులు, చేతికర్ర మీద ఆనించిన మోటు వేళ్లు కనిపించాయి. మొహం కనబడలేదు.

"ఏంజేద్దాం తల్లీ, దేవునికి కండ్లు లేవు," అన్నాడు మద్దిలేటప్ప. "సారుకూ నాకూ కోర్టులో పేచీ ఉండొచ్చు. మనిషి మాత్రం బంగారం. రేపు ఆయితారం సభ పెడతాండారు గదా, చలువరాతి బొమ్మ నేనే జేయిస్తానని మైకులో జెప్తా."

నాగలక్ష్మమ్మ తలుపు గడియ మీద చెయ్యి వేసి వింటోంది.

"మీ పెరట్లో ఒగ మనిషి ఉండాదంట. మా ఊరి మనిషి." గొంతు ఇంకా మెత్తబడింది. "సారు ఉన్నన్నాళ్లు సాకినాడు, సరే. ఇంగ ఆ బరువు మీకెందుకమ్మా? సోమారం పొద్దున్నే జీపు పంపిస్తా. మా మనిషిని మేం తోల్కపోతాం."

ఆ మనిషి జీవమ్మ. ఓర్వకల్లు అవతల రాతిగుట్టల కింద గుట్టకిందపల్లె అని ఊరు. జీవమ్మ మొగుడు ప్రేమయ్య అక్కడ రాళ్లు కొట్టేవాడు. సర్కారు మాలవాళ్లకు పట్టా ఇచ్చిన బంజరును వదలమని మద్దిలేటప్ప తమ్ముడు ఓబులేసు అడిగాడు. ప్రేమయ్య వదలనన్నాడు. ఒకనాటి మిట్టమధ్యాహ్నం ఓబులేసు గొడ్డలి తీసుకుని బండలమీదికి వచ్చాడు. మొగుడికి సంగటి తెస్తున్న జీవమ్మ కళ్లారా చూసింది. చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ ఒక్కొక్కరే, మేము ఆ రోజు ఊళ్లోనే లేమన్నారు. జీవమ్మ గుడిసె తగలబడ్డాక చిదంబరయ్య ఆమెను తన పెరట్లో ఆవుల కొట్టంలో ఉంచాడు. వాకిట్లో కాపలాకు ఒక కానిస్టేబులును పెట్టించాడు. ఆయన పోయిన వారానికి, మంత్రిగారి బందోబస్తుకు మనుషులు చాలటం లేదని ఆ కానిస్టేబులునూ పిలిపించుకున్నారు.

ఆ ఖూనీ కేసు విచారణ సోమవారమే. కళ్లారా చూశానని చెప్పే సాక్షి జీవమ్మ ఒక్కతే.

మద్దిలేటప్ప లేచాడు. కర్ర నేలమీద తాటించి, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు. "పాప రాజంపేటలో గదా ఉండేది? అల్లుడు బడిపంతులంట. దినామూ సైకిలు మీద పక్కూరికి పోయొస్తాడంట. అడివి దావ అమ్మా అది, మంచిది గాదు. రవంత జాగర్త జెప్పండి."

 కూతురు, సైకిలు మీద అల్లుడు, ఎర్రమట్టి బాట, అన్నీ ఒక్కసారిగా నాగలక్ష్మమ్మ కళ్లముందు తిరిగాయి.

"సోమారం జీపు పంపించేదా తల్లీ?"

"సరే," అంది ఆమె. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని జీపు కదిలిపోయాక గానీ తెలియలేదు.

రామసుబ్బమ్మ లోపలికి వచ్చి, "మంచిపని జేసినావు," అంది. "ఈ తద్దినం మనకొద్దని నేను మొదట్నించీ మొత్తుకుంటాండా. వాడు ఇన్నాడా? వాణ్ణి మింగింది ఈ ఖూనీకేసులే."

నాగలక్ష్మమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.  పొద్దు వాలుతుండగా దొడ్లోకి వెళ్లింది. జీవమ్మ కొట్టంలో పేడ ఎత్తుతోంది. బక్కపలచని మనిషి, వయసు ముప్ఫై దాటి ఉండదు. అమ్మగారు రావడం చూసి గంప కిందపెట్టి దూరంగా జరిగి నిలబడింది.

"జీవమ్మా, నువ్వు యాడికన్నా పోకూడదా? మీ చుట్టాలు ఎవరన్నా..."

"యాడికి పోవల్లమ్మా?"

నాగలక్ష్మమ్మ కళ్లెత్తలేకపోయింది. జీవమ్మ అంతా అర్థం చేసుకుంది. ఆ వీధిలో ఏ మాటా దాగదు.

"మీరు సరే అంటిరంట గదా," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, నీరసం ఉంది. "అనకేం జేస్తారులేమ్మా. బిడ్డ గల్ల తల్లి." ఆ వెంటనే, "సారు నాతో ఒగ మాట జెప్పినాడు. నిజమో, నాకు దైర్నం జెప్పాలని అట్ల అన్యాడో తెలీదు. ఖూనీకేసు ఉన్న దినం పొద్దున్నే నాకూ కడుపులో తిప్పుతాది జీవమ్మా, కక్కుకోని గానీ కోర్టుకు పోను అన్యాడు. నిజమేనా అమ్మా?"

నాగలక్ష్మమ్మ అక్కడే గోడవారన కూలబడింది.

నిజమే. పెళ్లయిన కొత్తలో ఆమె హడలిపోయింది కూడా. కేసు ఉన్నరోజు తెల్లవారకముందే ఆయన దొడ్లోకి వెళ్లి, నూతిగట్టు పట్టుకుని వాంతి చేసుకునేవాడు. చేతులు వణికేవి. ఆమె శొంఠి నీళ్లు కాచి ఇస్తే తాగి, చొక్కా గుండీలు ఆమెచేతే పెట్టించుకుని, పైన నల్లకోటు వేసుకుని వీధిలోకి అడుగు పెట్టేవాడు. వీధిలోకి వచ్చాక ఆయన్ను చూసినవాళ్లకు పులి బయల్దేరినట్టే ఉండేది. ఈ సంగతి సొంత అక్కకు కూడా తెలియకుండా ఆమె కడుపులో పెట్టుకుని కాపాడింది. తామిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదనుకుంది. ఆయన ఈ ఆవుల కొట్టంలో నిలబడి, రాళ్లు కొట్టేవాడి పెళ్లానికి చెప్పుకున్నాడు.

ఒక్క క్షణం ఆమెకు కోపమే వచ్చింది. తర్వాత ఆ కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"నిజమే," అంది.

"అట్లయితే నేను పోతానమ్మా కోర్టుకు," అంది జీవమ్మ. "దావలో సంపితే సస్తా. జీపు మాత్రం ఎక్కను."

నాగలక్ష్మమ్మ లేచి ఇంట్లోకి వచ్చేసింది. తోడు వస్తానని చెప్పే ధైర్యం ఆమెకు లేదు, వద్దని చెప్పే మొహమూ లేదు.

ఆదివారం సాయంత్రం మునిసిపల్ హైస్కూలు మైదానంలో సభ. వీధి చివర వేపచెట్టుకు కూడా ఒక మైకు గొట్టం కట్టారు. వీధివాళ్లంతా పిల్లాజెల్లాతో వెళ్లిపోయారు. మైలమనిషి కాబట్టి నాగలక్ష్మమ్మను రమ్మని ఎవరూ అనలేదు. ఆమె నడింట్లో కూర్చుని వింటోంది. రామసుబ్బమ్మ మడి కట్టుకుని వంటింట్లో జపం చేసుకుంటోంది.

"భయమన్న మాట ఎరుగని సింహం!" అంటున్నాడు ఎవరో ప్లీడరు. చప్పట్లు. "ఆ మహానుభావుడి రక్తంలోనే భయం లేదు!" మళ్లీ చప్పట్లు. నాగలక్ష్మమ్మకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. వాళ్లు పొగుడుతున్న మనిషెవరో ఆమెకు తెలియదు. నూతిగట్టు పట్టుకుని వణికిన మనిషే ఆమెకు తెలుసు.

తర్వాత మైకులో మద్దిలేటప్ప గొంతు వచ్చింది. సారు నాకు తోడబుట్టినవాడి లెక్క అన్నాడు. సారు ఇల్లు నా ఇల్లు, ఆ తల్లికి కష్టమొస్తే నా ప్రాణం అడ్డం పెడతానన్నాడు. అంటూ అంటూ గొంతు పూడుకుపోయి ఏడ్చాడు.

అదే సమయానికి దొడ్డివాకిలి గొళ్లెం కదిలింది.

మొదట గాలేమో అనుకుంది. గాలి లేదు. మళ్లీ కదిలింది, ఈసారి నిదానంగా, బయటినుంచి ఎవరో పుల్లతో పైకి లేపుతున్నట్టు.  కాళ్లు ఎలా కదిలాయో నాగలక్ష్మమ్మకే తెలియదు. కొట్టంలోకి పరుగెత్తి జీవమ్మ రెక్క పట్టుకుని లాక్కుంటూ వచ్చి, ఎక్కడ దాచాలో తోచక నేరుగా వంటింట్లోకి తోసింది. రామసుబ్బమ్మ మడినీళ్ల బిందె పక్కన, పొయ్యిగడ్డ వెనక.

రామసుబ్బమ్మ కళ్లు తెరిచింది. తన వంటింట్లో, తన బిందె పక్కన కూర్చున్న మనిషిని చూసింది. నోరు తెరిచింది. అప్పుడే దొడ్లో అడుగుల చప్పుడు వినబడింది. మరదలి మొహం చూసింది. నోరు మూసుకుంది.

వచ్చినవాడు కొట్టంలోకి వెళ్లాడు. గడ్డి కదిపిన చప్పుడు. ఆవు ఒకసారి అరిచింది. తర్వాత అడుగులు వంటింటి వైపు వచ్చాయి. గడప అవతల ఒక నీడ నిలబడింది. భుజం మీద కంబళి, కంబళి కింద ఏదో బిగువుగా పట్టుకున్న చెయ్యి.

"దప్పికైతాందమ్మా, రవంత నీళ్లు..." అంటూ లోపలికి తొంగిచూడబోయాడు.

"మడి!" అని ఒక్క అరుపు అరిచింది రామసుబ్బమ్మ. "మడి కట్టుకున్నా! కండ్లు కనపడ్లేదా? బోడిముండ మడిలో ఉంటే గడప తొక్కుతావేమిరా? నీ వంశం నిలుస్తుందా? పో అవతలికి!"

వాడు నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు. "తప్పయిపాయ తల్లీ, తప్పయిపాయ," అంటూ దొడ్డివాకిలి దాకా వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయాడు. ఒక ప్రాసిక్యూటరు ఇంటి వంటింట్లో, మడిబిందె పక్కన మాలమనిషి ఉంటుందని వాడికి కల్లో కూడా తోచదు.

నాగలక్ష్మమ్మ గొళ్లెం వేసి, దానికి రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టి వచ్చేసరికి రామసుబ్బమ్మ బిందెలో నీళ్లన్నీ దొడ్లో పారబోస్తోంది. బిందె బోర్లించింది. గట్టిగా ఊపిరి తీస్తోంది. మైకులో ఇంకా మద్దిలేటప్ప ఏడుపే.

"ఇంటున్నావా?" అంది రామసుబ్బమ్మ. "ఇది జీపు ఎక్కనన్న మాట వాని చెవినబడినట్టుండాది. ఆడ నా తమ్ముని పేరు జెప్పి ఏడుస్తా, ఈడ వాని ఇంట్లోకి కత్తి పంపిస్తాండాడు. ఆ ఏడుపు నేను ఇనలేనే నాగలక్ష్మీ."

 జీవమ్మ పొయ్యిగడ్డ వెనకనుంచి కదల్లేదు. ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"రేపు జీపు వచ్చేలోపల పోవల్ల," అంది రామసుబ్బమ్మ చివరికి.

"ఎట్ల పోతాం వదినా? దావలో వాళ్లుంటారు. నేను మూల కూర్చున్నదాన్ని. ఈ మొహంతో వీధిలోకి వస్తే జనం..."

"జనం పక్కకు పోతారు. పోనీ. నేను వీధిలోకి వస్తే ఇన్నేండ్లు పెండ్లివాండ్లు దావ మార్చుకున్నారు. బండ్లు తోలేవాండ్లు బండ్లు నిలిపి, కూసోని నీళ్లు తాగి పోయినారు. నా తమ్ముడు పరీక్షకు పోతాంటే నేనే పోయి తలుపు సాటున దాక్కున్యా. ఒక్కసారన్నా అది నాకు పనికి రానీయే."

ఎండాకాలపు పొద్దుటి కోర్టు కావడంతో సోమవారం ఎండ వీధిలోకి రాకముందే ముగ్గురూ బయల్దేరారు. రామసుబ్బమ్మ తన ఉతికిన పంచె ఒకటి దూరంనుంచి విసిరితే జీవమ్మ కట్టుకుని నెత్తిన ముసుగు వేసుకుంది. నాగలక్ష్మమ్మకు వేకువనే కడుపులో తిప్పింది. నూతిగట్టు పట్టుకుని కక్కుకుంది. అచ్చం ఆయన లాగే అని తోచి, మొహం కడుక్కుని, వాకిలి తీసింది.

తీసి, మళ్లీ వేసేయబోయింది. జీపు అప్పటికే వచ్చి వీధి మలుపులో ఉంది. దాని పక్కన కంబళ్లు కప్పుకున్న మనుషులు గొంతుక్కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. కోర్టుకు వేరే దారి లేదు.

"ఆగొద్దు," అని గొణిగింది రామసుబ్బమ్మ. "ఆగితే సస్తాం." వంగిన నడుముతో, కర్ర పట్టుకుని ఆమె ముందు నడిచింది. గొరిగిన తలమీది ముసుగు కావాలనే వెనక్కి తోసేసింది. ఆమె వెనక జీవమ్మ, చివర నాగలక్ష్మమ్మ.

పాలు పిండుకుని వస్తున్న ఒకావిడ వాళ్లను చూసి గిర్రున తిరిగి సందులోకి వెళ్లిపోయింది. అరుగుమీద పళ్లు తోముకుంటున్న శెట్టి పుక్కిట్లో నీళ్లు మింగేసి లోపలికి లేచాడు.  నాగలక్ష్మమ్మకు ఒక్కో అడుగూ ఊబిలోంచి పీకినట్టుంది. వెనక్కి పరుగెత్తుదామని ఎన్నిసార్లు అనిపించిందో! అనిపించిన ప్రతిసారీ ముందు నడుస్తున్న జీవమ్మ వీపు కనిపించింది. ఆ వీపు తనకంటే ఎక్కువ వణుకుతోంది. అయినా ముందుకే పోతోంది.

జీపు దగ్గరికి వచ్చేశారు. డ్రైవరు ముందుగా చూశాడు. "థూ! పొద్దున్నే బోడిది! కేసుకు పోయే దినం గూడా!" అని మొహం అటు తిప్పుకున్నాడు. కూర్చున్నవాళ్లలో ఒకడు మాత్రం లేచాడు. నిన్న దొడ్లోకి వచ్చినవాడే. కళ్లు చికిలించి ముసుగుల వైపు చూశాడు.

"ఎవరమ్మా, ఆ నడిమామె?"

 ఇక అయిపోయింది అనుకుంది నాగలక్ష్మమ్మ.

రామసుబ్బమ్మ ఆగి, తిన్నగా వాడివైపే రెండడుగులు వేసింది. "చూస్తావా? రా నాయనా, రా. మొదట నా మొగం చూడు. తర్వాత దినాలు తీరని నా మరదలి మొగం చూడు. ఆమె మొగం కడపట చూద్దువు. రా, దగ్గరికి రా."

వాడు కదల్లేదు. "ఇడిసిపెట్రా," అని జీపులోంచి డ్రైవరు కసిరాడు. "ఆ యమ్మతో పెట్టుకుంటే కేసు గోయిందా." వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొక అడుగు వేశాడు. ముగ్గురూ జీపు దాటారు. వెనకనుంచి ఏ క్షణాన పిలుస్తారో, ఏ క్షణాన అడుగులు వినబడతాయో అని నాగలక్ష్మమ్మ వీపంతా చెవులు చేసుకుని నడిచింది. బురుజు దగ్గర జనం కనిపించేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

కోర్టు గేటు దగ్గర రాతిబండ మీద మద్దిలేటప్ప కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఊరినుంచి తెచ్చుకున్న జనం. నాగలక్ష్మమ్మ అతని మొహం చూడటం అదే మొదటిసారి. స్ఫోటకం మచ్చలు, గొంతుకు తగనంత చిన్న మొహం. నుదుట గుడినుంచి తెచ్చుకున్న కుంకుమ తడి ఆరలేదు.

అతను చూశాడు. లేచి, గేటుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఇదేందమ్మా? మీరు ఇట్ల బయటికి రావచ్చునా? ఇంటికి నడవండి, జీపులో దించుతా."

మాటలు తీయగానే ఉన్నాయి. కళ్లు మాత్రం జీవమ్మ ముసుగుమీదే ఉన్నాయి. రామసుబ్బమ్మ రొప్పుతూ గేటు స్తంభాన్ని పట్టుకుంది, ఆమెలో ఇక ఓపిక లేదు. నాగలక్ష్మమ్మ ఏదో అనాలి.  రాజంపేట, సైకిలు, ఎర్రమట్టి బాట. ఆమె చెయ్యి చాచి జీవమ్మ చెయ్యి పట్టుకుంది. 

గేటు లోపల వేపచెట్టు కింద వాయిదాలకు వచ్చిన జనం కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒక ముసలాయన, దూదేకుల వీధి జట్కా తోలే ఖాసిం వలి, ఆమెను గుర్తుపట్టాడు. "మా ఛైర్మన్ సాబు ఇంటామె," అంటూ లేచి నిలబడ్డాడు. పక్కవాళ్లు లేచారు. వాళ్లను చూసి మిగతావాళ్లు. పాగాలు తీసి చేత పట్టుకున్నారు. వరండాలో ప్లీడర్లు మాటలు ఆపి ఇటు చూస్తున్నారు. నిన్న సభలో సింహమని పొగిడినవాళ్లే, ఆ సింహం భార్య గేటు దగ్గర ఎందుకు ఆగిపోయిందా అని చూస్తున్నారు. నిన్న ఊరంతా వినేలా ఏడ్చిన మద్దిలేటప్ప కూడా ఆ చూపులు చూశాడు.

"జరుగప్పా," అంది నాగలక్ష్మమ్మ. గొంతు పీలగా, చీలిపోయి వచ్చింది.

అతను జరిగాడు.

జీవమ్మ సాక్షి బోను ఎక్కి, ముందున్న కొయ్యకమ్మీ పట్టుకుంది. కొత్త ప్రాసిక్యూటరు రెండుసార్లు అడిగాక, కటకటాల వెనక నిలబడ్డ ఓబులేసు వైపు వేలు చూపించి మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆగలేదు. ఓబులేసు తరఫు ప్లీడరు లేచి, బండలకూ దావకూ అంత దూరముంటే పడినవాడు ఎవరో ఎలా తెలిసిందని దబాయించాడు.

"మొగుణ్ణి గుర్తు పట్టడానికి దగ్గరికి పోవల్నా సామీ?" అంది జీవమ్మ.

"నీకెవరు నేర్పించారు ఈ మాటలు? చచ్చిపోయిన ప్రాసిక్యూటరేనా?"

"ఆయన నాకు నేర్పింది ఒగటే సామీ. వణుకు వస్తే కొయ్య పట్టుకో, మాట మాత్రం నిలపొద్దు అన్యాడు. పట్టుకున్యా, చూడు."

ఆమె బోను కమ్మీని రెండు చేతులతో పట్టుకునే ఉంది. జడ్జిగారు తలవంచి రాసుకున్నారు.

సాక్ష్యం ముగిశాక జడ్జిగారి ఉత్తరువుతో ఇద్దరు కానిస్టేబుళ్లు తోడు వచ్చారు. ఖాసిం వలి జట్కా కట్టాడు. నాగలక్ష్మమ్మ, జీవమ్మ ఎక్కారు. రామసుబ్బమ్మ ఎక్కలేదు. మాలమనిషితో ఒక బండిలో కూర్చునే వయసు తనకు దాటిపోయిందని, కర్ర పట్టుకుని నడిచే వచ్చింది. వచ్చి నెత్తిన నీళ్లు పోసుకుని, ఆ పూటంతా పడుకుంది.

ఓబులేసుకు యావజ్జీవం పడింది. గుంటూరు హైకోర్టుకు అప్పీలు పోయినా నిలిచింది. చలువరాతి బొమ్మ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మునిసిపాలిటీవాళ్లు మాత్రం హాల్లో చిదంబరయ్య పటం పెట్టారు. రాజంపేటలో అల్లుడికి ఏమీ కాలేదు. కానీ ఎవరో రెండుసార్లు దావలో సైకిలు ఆపి పేరడిగి వదిలేశారట. ఆ మాట విన్నాక నాగలక్ష్మమ్మ కంటినిండా నిద్రపోలేదు. అల్లుడు కడప టౌనుకు బదిలీ చేయించుకునేదాకా జీపు చప్పుడైతే చాలు, చేతిలో గిన్నె జారిపోయేది.

జీవమ్మ గుట్టకిందపల్లెకు తిరిగి వెళ్లలేదు. కడపలో మిషనాసుపత్రిలో బట్టలుతికే పనికి కుదిరింది. మరుసటి ఎండాకాలం కడప టౌనులోని కూతురింటికి పోతూ నాగలక్ష్మమ్మ ముందు అక్కడ దిగింది. బనగానపల్లె మామిడిపండ్లు గంపనిండా తీసుకెళ్లింది. ఆసుపత్రి వెనక తాళ్లమీద దుప్పట్లు ఆరేస్తున్న జీవమ్మ ఆమెను చూసి పరుగెత్తుకొచ్చింది.

ఇద్దరూ దుప్పట్ల నీడలో కూర్చున్నారు. 

"పెద్దమ్మ బాగుండాదా?"

"ఉంది. కండ్లు సరిగా ఆనటం లేదు. నిన్ను అడిగింది."

"నన్ను అడిగిందా!" జీవమ్మ నవ్వింది.

నాగలక్ష్మమ్మ గంపలోంచి పండ్లు ఏరి, బాగా మాగినవి చూసి ఆమె ఒళ్లో వేసింది. రోడ్డుమీద బస్సు హారను మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడి తలలు తిప్పారు. బస్సే అని తెలిశాక, జీవమ్మ పండు ముచ్చిక కొరికి అవతల ఉమ్మి, రసం పీల్చింది.